నీళ్ళబండి ఇంట్లో, తాడు అంగట్లో

గచ్చిబౌలి, మాదాపూర్, కొండాపూర్ వైపు వెళితే గోడల కంటే అద్దాలే ఎక్కువ కనిపిస్తాయి. ఆ అద్దాలన్నీ పెద్ద కంపెనీలే తుడుస్తాయని అనుకుంటాం. ఆకాశాన్నంటే టవర్ల సంగతి అలా ఉంచితే, నాలుగైదు అంతస్తుల ఆఫీసులు, ఆసుపత్రులు, షోరూముల దగ్గర బకెట్లు దించేది చాలాసార్లు పదిమంది పనివాళ్ళు కూడా లేని చిన్న కాంట్రాక్టరే. సామాను కొనాలా, సొంతంగా చేసుకోవాలా అన్న లెక్క వాళ్ళ ఇళ్ళలో నిజమైన తగాదా.

ఇక్కడ మాట్లాడుకునేది ఒక అక్క, ఆమె తమ్ముడు. నరసరావుపేట నుంచి వచ్చి కూకట్‌పల్లిలో స్థిరపడ్డారు. అక్క ఎనిమిది మందితో హౌస్‌కీపింగ్ కాంట్రాక్టులు చేస్తుంది. తమ్ముడు బాలానగర్‌లో ఫిట్టర్. లేతు, డ్రిల్లు, వెల్డింగు అతనికి చేతికొచ్చిన పనులు. ఈ ఏడు బయటి అద్దాల పని కూడా పట్టాలని అక్క సామానుకు కొటేషను తెప్పించింది. ఆ కాగితం తమ్ముడి చేతిలో పడింది.

తమ్ముడు: అక్కా, ఇదంతా నిజంగా కొంటావా? నీళ్ళు శుద్ధి చేసే ట్రాలీ లక్ష పైన. నలభై అడుగుల కార్బన్ ఫైబర్ కర్ర అరవై వేలు. ఇత్తడి వైపరు ఒక్కోటి రెండు వేలు. తాళ్ళు, హార్నెస్‌లు వేరే. మొత్తం మూడు లక్షలు దాటింది. పైపు, పంపు, చానల్, రబ్బరు, ఇంతకు మించి ఇందులో ఏముంది? ముప్పాతిక సామాను షెడ్డులో నేనే చేసి పెడతా.

అక్క: నీ పనితనం మీద నాకు అనుమానం లేదురా. కానీ నువ్వు సామాను ధర చూస్తున్నావు, నేను కూలి చూస్తున్నా. మనిషికి రోజుకు 800 ఇస్తున్నా. ఎనిమిది గంటలకు 800 అంటే గంటకు వంద. వైపరు సరిగ్గా లాగక అద్దాన్ని రెండోసారి తుడవాల్సి వస్తే మనిషికి రోజులో ఒక గంట పోతుంది. ఇద్దరికి రెండు వందలు. నువ్వు మిగిల్చానన్న రెండు వేలు పది రోజుల్లో కూలి కింద వెళ్ళిపోతాయి.

తమ్ముడు: వైపరు మాట నువ్వే ఎత్తావు కాబట్టి చెబుతా. నువ్వు కొంటానంటున్న ఆ ఇత్తడి వైపరును కనిపెట్టింది ఏ కంపెనీ ఇంజనీరూ కాదు. ఇటలీ నుంచి అమెరికా వెళ్ళి, కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో కిటికీలు తుడిచి బతికిన ఎట్టోరే స్టెక్కోనే అనే మనిషి. అప్పటిదాకా వాడిన వైపరు బరువైన ఉక్కుది. రెండు రబ్బరు పట్టీలుండేవి, వాటిని మార్చాలంటే వరసగా స్క్రూలు విప్పాలి. ఆయన తేలికైన ఇత్తడితో, ఒకే ఒక్క రబ్బరు పట్టీతో చేశాడు. 1936లో పేటెంటు తీసుకున్నాడు. ఈ రోజుకీ ప్రపంచమంతా వాడేది దాదాపు అదే రూపం. పని చేసేవాడికే పనిముట్టు ఎలా ఉండాలో తెలుస్తుంది.

అక్క: అది నేను ఒప్పుకుంటా. కానీ ఆయన ఒకటి చేసుకుని ఊరుకోలేదు కదా. కుదిరిన కొలతను ఖాయం చేసి, అదే కొలతతో వేలకు వేలు చేయించి అమ్మాడు. నాకు కావలసింది అదే. పొద్దున ఎవరి చేతికి ఏ వైపరు ఇచ్చినా ఒకేలా లాగాలి. పోయిన దీపావళికి నువ్వు సైకిల్ ట్యూబు కోసి చేసిచ్చావు గుర్తుందా? అద్దం మీద చారలు చారలుగా నీళ్ళు మిగిలాయి. చివరికి మా వాళ్ళు పేపరు పెట్టి తుడిచారు.

తమ్ముడు: ట్యూబు వంపుగా తయారయ్యే వస్తువు. ఎంత బిగించినా ఆ వంపు పోదు. కత్తెరతో కోస్తే అంచు నలుచదరంగా రాదు.

అక్క: అద్దం తుడవడంలో పనంతా ఆ అంచుదే. అసలు రబ్బరు పట్టీకి రెండు వైపులా అంచులు బ్లేడుతో కోసినట్టు ఉంటాయి. ఒక వైపు అరిగితే తిప్పి రెండో వైపు వాడతాం. ఇసుక రేణువు తగిలి వెంట్రుక వాసి గంటు పడినా చాలు, లాగిన ప్రతిసారీ అక్కడ ఒక నీటి గీత మిగులుతుంది. ఆ పట్టీని నువ్వు షెడ్డులో చేయలేవు.

తమ్ముడు: పట్టీ కొందాం, మిగతాది నేను చేస్తా. స్లైడింగ్ కిటికీలు బిగించేవాళ్ళ దగ్గర అల్యూమినియం సెక్షన్ ముక్కలు తుక్కు కింద కిలోల లెక్కన వస్తాయి. రబ్బరు బిగుతుగా కూర్చునే గాడి ఉన్న సెక్షన్ ఏరుకుంటా. ముందు అద్దాన్ని తడిపే టీ-బార్ ఉంది చూడు, దానికి టర్కీ టవల్ గలీబు కుట్టిస్తే చాలు. ఆఖరున అంచులు తుడిచే మైక్రోఫైబర్ బట్ట మాత్రం కొనాలి. సన్నటి పోగులు చీలి ఉండటం వల్ల అది తడిని పీల్చినట్టు మన పాత పంచె పీల్చదు.

అక్క: గలీబులు కుట్టించు, నాకు అభ్యంతరం లేదు. ఇత్తడివి ఓ నాలుగు మాత్రం కొంటా. పెద్ద అద్దాలకు అవే.

తమ్ముడు: పెద్ద అద్దాలకు సరే. మరి ఇళ్ళకు? నీ కాంట్రాక్టుల్లో సగం అపార్టుమెంట్లేగా. ప్రతి కిటికీకీ లోపల ఇనుప గ్రిల్లు. కమ్మీల మధ్య సందు నాలుగంగుళాలు ఉంటే ఎక్కువ. నీ కొటేషన్లో ఉన్న వైపరు పద్నాలుగు అంగుళాలది, దాన్ని ఆ సందులోంచి ఎలా దూరుస్తావు? పైగా స్లైడింగ్ కిటికీలో ఒక పలకను ఇంకో పలక మీదికి జరిపితే రెండింటి మధ్య ఇరుక్కున్న అద్దం ముఖం ఎటు నుంచీ చేతికందదు. ఆ వైపర్లు గ్రిల్లు లేని దేశాల్లో, బయట నిలబడి తుడిచే కిటికీలను మనసులో పెట్టుకుని చేసినవి. మన గ్రిల్లు సంగతి వాటికి తెలియదు.

అక్క: మా వాళ్ళు చేతికి బట్ట చుట్టుకుని కమ్మీల సందులోంచి పెట్టి తుడుస్తారు. మోచేతులు గీరుకుపోతాయి.

తమ్ముడు: అందుకే నేను ఒకటి చేశా. మూడున్నర అంగుళాల పట్టీ, ఎనిమిది మిల్లీమీటర్ల స్టీలు కడ్డీ, చివర వంపు. కమ్మీల మధ్య నుంచి నిలువుగా దూర్చి, బయటికి పోయాక అడ్డంగా తిప్పి, కిందికి లాగడమే. కడ్డీకి రెండో వైపు స్పాంజి. వంపు ఏ కోణంలో ఉండాలన్నది ఆ కిటికీ ముందు నిలబడి చూస్తేనే తెలుస్తుంది. గ్రిల్లుకు, అద్దానికి మధ్య దూరం ఒక్కో బిల్డరు ఒక్కోలా పెడతాడు.

అక్క: దీనికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. ఎన్ని కావాలో రేపు లెక్క చెబుతా.

(ఈ మాట దగ్గర నేను తమ్ముడి పక్షం. గ్రిల్లు సందులోకి దూరే పనిముట్టు కొట్లో దొరకక, పండగ ముందు పనిమనిషిని సజ్జ మీదికి దించి బయటి అద్దం తుడిపించే ఇళ్ళు మన ఊళ్ళలో ఇంకా ఉన్నాయి. మూడో అంతస్తు సజ్జ మీద చెప్పులు విప్పి నిలబడిన మనిషిని కింద నుంచి చూసినవారికి ఈ వంపు కడ్డీ విలువ తెలుస్తుంది.)

తమ్ముడు: ఇప్పుడు అసలు ఖర్చుకు వద్దాం. నీళ్ళు శుద్ధి చేసే ట్రాలీ. లక్షకు పైన పోసి ఎందుకు?

అక్క: మన బోరు నీళ్ళు చూశావుగా. మీటరు పెడితే టీడీఎస్, అంటే లీటరులో కరిగిన ఉప్పులు మిల్లీగ్రాముల్లో, 900 చూపిస్తుంది. తాగే నీళ్ళకు భారత ప్రమాణం 500 లోపు ఉండాలంటుంది, వేరే దారి లేకపోతే 2,000 దాకా సరిపెట్టుకోమంటుంది. తాగడానికి ఎలా ఉన్నా అద్దానికి మాత్రం 900 అంటే చాలా చెడ్డ నీళ్ళు. లీటరు నీరు అద్దం మీద ఆరిందంటే గ్రాముకు కాస్త తక్కువగా ఉప్పులు అక్కడే మిగిలిపోతాయి. సున్నపు తెల్ల మచ్చలు అవే. ఎండలో కాలిన అద్దం మీద వాటిని పట్టనిస్తే తర్వాత గీకినా రావు.

తమ్ముడు: మచ్చలు పడకముందే వైపరుతో లాగేస్తాంగా.

అక్క: చేతికందే అద్దం అయితే లాగుతాం. నలభై అడుగుల పైన ఎవరు లాగుతారు? ఆ ఎత్తుకు పద్ధతే వేరు. కర్ర చివర బ్రష్షు, దాంట్లోంచి నీళ్ళు. బ్రష్షుతో రుద్ది, ఆ నీళ్ళతోనే కడిగి వదిలేయాలి. ఎవరూ తుడవరు, అద్దం దానంతట అదే ఆరాలి. అలా ఆరినా మచ్చ పడకూడదంటే నీళ్ళలో ఉప్పు అనేదే ఉండకూడదు. టీడీఎస్ సున్నాకు దగ్గరగా, మహా అయితే పది. ఇంగ్లండులో 2005లో ఎత్తు పనుల నిబంధనలు వచ్చాక చాలామంది నిచ్చెనలు వదిలి ఈ కర్రకు మారింది ఇందుకే. నేల మీద నిలబడే మనిషి పడే ప్రమాదం లేదు. నాలుగంతస్తుల దాకా నా మనుషులు కాళ్ళు నేల మీదే పెట్టుకుని పని చేయాలని నా ఆశ. అందుకే ట్రాలీ.

తమ్ముడు: నీ ఆశ మంచిదే, దానికి లక్ష ఎందుకు? ఆ ట్రాలీ లోపల ఉండేది ఏమిటి? ఒక జల్లెడ ఫిల్టరు, ఒక బొగ్గు ఫిల్టరు, ఒక ఆర్‌వో మెంబ్రేను, దాని తర్వాత రెజిన్ గుళికల సిలిండరు. ఇవన్నీ మన దగ్గర సందుకో కొట్టులో దొరుకుతాయి. మన ఊళ్ళో ఆర్‌వో బిగించడం, విప్పడం పదో తరగతి తప్పిన పిల్లాడు కూడా నేర్చుకుని బతుకుతున్న పని. రాణీగంజ్ వెళితే పంపులు, పైపులు, జాయింట్లు కావలసిన కొలతలో వస్తాయి.

అక్క: ఇంటి ఆర్‌వో నుంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా వస్తాయిరా. కర్రకు నిమిషానికి లీటరున్నర, రెండు లీటర్లు కావాలి.

తమ్ముడు: ట్రాలీ నీళ్ళు చేస్తూనే వాడుతుంది, అందుకే దానికి పెద్ద మెంబ్రేను, పెద్ద పంపు, పెద్ద ధర. మనం రాత్రి చేసి పగలు వాడదాం. ఇళ్ళకు పెట్టే 80 జీపీడీ (రోజుకు 80 గ్యాలన్ల) మెంబ్రేను రోజంతా నడిస్తే మూడు వందల లీటర్లు ఇస్తుంది. రెండు పక్కపక్కన పెడితే రాత్రి పది గంటల్లో రెండు వందల యాభై. ఐదు వందల లీటర్ల ట్యాంకు, పన్నెండు వోల్టుల పంపు, ఒక బ్యాటరీ. ఆటో ట్రాలీ వెనకాల బిగిస్తే అదే నీళ్ళబండి. మొత్తం పాతిక, ముప్ఫై వేలలో తేలుతుంది. నీళ్ళు ఆపి తిప్పే వాల్వు కర్ర దగ్గరే పెడితే ఆ నీళ్ళు ఒక పూట పనికి సరిపోతాయి.

అక్క: రెజిన్ ఒక్కటే పెడితే ఆర్‌వో గొడవే ఉండదు కదా అని కొట్టువాడు అన్నాడు.

తమ్ముడు: వాడికి రెజిన్ అమ్ముకోవాలి మరి. నేను లెక్క వేశా. 900 టీడీఎస్ నీళ్ళను నేరుగా పంపితే లీటరు రెజిన్ సుమారు ముప్ఫై లీటర్లకే అయిపోతుంది. అదే ముందు ఆర్‌వో పెడితే తొంభై ఐదు శాతం ఉప్పు అక్కడే ఆగుతుంది. బయటికి వచ్చేది నలభై, యాభై టీడీఎస్. ఆ నీళ్ళను పంపితే అదే లీటరు రెజిన్ ఐదారు వందల లీటర్ల దాకా నడుస్తుంది. బోరు నీళ్ళ ఊళ్ళో ఆర్‌వో లేకుండా రెజిన్ కొనడం డబ్బు పారబోసుకోవడమే. మంజీరా నీళ్ళు వచ్చే చోట అయితే ఇంకా నయం. నువ్వు చేయాల్సిందల్లా రెండు వందల రూపాయల టీడీఎస్ మీటరు కొని, రోజూ పొద్దున ట్యాంకులో ముంచి చూడటం. పది దాటితే రెజిన్ మార్చు.

అక్క: వృథా నీళ్ళ సంగతి చెప్పవేం? లీటరు మంచి నీళ్ళకు మూడు లీటర్లు పారబోస్తుంది ఈ ఆర్‌వో. రెండు వందల యాభై కావాలంటే ఏడు వందల యాభై కాలువలోకి. ఎండాకాలంలో మన వీధి అంతా ట్యాంకరు నీళ్ళు కొంటుంది.

తమ్ముడు: దానికి జవాబు ఉంది, కానీ కాస్త కష్టపడాలి. ఆ నీళ్ళు ఇంకో డ్రమ్ములో పట్టి, పార్కింగ్ నేల కడగడానికి, మరుగుదొడ్ల ఫ్లష్‌కు వాడాలి. అద్దాల దగ్గరికి మాత్రం రానివ్వకూడదు.

(ఇక్కడ ఇంటివాళ్ళకు ఒక మాట. ఆర్‌వో వదిలే నీళ్ళు వృథా కాకూడదని చాలామంది వాటితోనే కిటికీ అద్దాలు కడుగుతారు. ఉద్దేశం మంచిదే గాని, ఉప్పంతా చేరి చిక్కబడిన నీళ్ళవి. మచ్చలు తొలగడం అటుంచి కొత్తవి పడతాయి. దానికి బదులు ఏసీ పైపు నుంచి కారే నీళ్ళు పట్టి, బట్టతో వడగట్టి వాడండి. గాలిలోని తేమే చల్లబడి నీరైంది కాబట్టి అందులో ఉప్పులు చాలా తక్కువ. ఎండాకాలం ఒక్క రాత్రిలో ఇంటి కిటికీలకు సరిపడా వస్తాయి, ఖర్చేమీ లేదు.)

అక్క: బండి నువ్వే చేయి. ట్రాలీ కొనను. మందుల మాట ఏమిటి? నీలం సీసా ఒక్కోటి వంద పైనే పడుతోంది.

తమ్ముడు: కొనొద్దు. బకెట్ నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు. బట్టల సబ్బు వేస్తే ఉప్పునీళ్ళలో తెల్లగా విరిగి జిడ్డవుతుంది, లిక్విడ్ అలా విరగదు. తెల్ల మచ్చలకు కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు. లీటరుకు రెండు చెంచాలు కలిపి, పట్టించి, పది నిమిషాలు ఆగి కడగడమే. సున్నం కరిగిపోతుంది.

అక్క: అమ్మ కుంకుడు రసంతో తోమేది అద్దాలు.

తమ్ముడు: ఉప్పునీళ్ళలోనూ నురగ వస్తుంది. కానీ బాగా కడగకపోతే జిగురు మిగిలి దుమ్ము పడుతుంది. ఇంటికి పనికొస్తుంది, కాంట్రాక్టుకు వద్దు.

అక్క: ఒక్కటి మాత్రం నీ చేత, నా మనుషుల చేత ఒట్టు వేయించుకోవాలి. మొండి మరకలని చెప్పి యాసిడ్ తేవద్దు. పేరు లేని డబ్బాల్లో అమ్మే మరక మందుల్లో కొన్నిటిలో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఉంటుంది. అది అద్దాన్నే తింటుంది. చర్మం మీద పడితే మొదట నొప్పి కూడా తెలియకపోవచ్చు, లోపల ఎముక దాకా పోతుంది. అలాగే బ్లీచింగులో యాసిడ్ గాని వెనిగర్ గాని కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. మూసిన బాత్రూములో ఆ రెండూ కలిపితే మనిషి ప్రాణం మీదికే వస్తుంది.

తమ్ముడు: యాసిడ్ జోలికి పోను. ఇక కర్ర. అరవై వేలు పోసి కార్బన్ ఫైబర్ ఎందుకు? ఒకదాంట్లో ఒకటి దూరే అల్యూమినియం పైపులు కోసి, క్లాంపులు వేసి, ఐదారు వేలలో ముగిస్తా.

అక్క: ముప్ఫై అడుగులు దాటాక అల్యూమినియం బరువు ఎంతవుతుంది? పైన బ్రష్షు, లోపల నీళ్ళ గొట్టం, పైపుకు పైపు ఊగుతుంది. తల పైకెత్తి దాన్ని ఆరు గంటలు మోసేది నువ్వూ కాదు, నేనూ కాదు. మా లక్ష్మమ్మ లాంటి వాళ్ళ భుజాలు. వాళ్ళు రెండో వారం రావడం మానేస్తే నీ కర్ర ఎవరు పట్టుకుంటారు?

తమ్ముడు: పొడవు తగ్గించి ఇరవై అడుగులకే చేస్తా. రెండంతస్తులకు అది చాలు.

అక్క: దానికీ ఒప్పుకోను, భుజం ఒక్కటే కాదు కారణం. మన సందుల్లో బాల్కనీకి చెయ్యి చాస్తే అందేంత దూరంలో పదకొండు వేల వోల్టుల తీగ పోతుంది. తడిసిన లోహపు కర్ర దాని దగ్గరికి పోతే ఏమవుతుందో చెప్పాలా? రంగులు వేసేవాళ్ళు, ఇనుప చువ్వలు పైకి అందించేవాళ్ళు ఇలాగే పోతున్నారు. కార్బన్ కూడా కరెంటును పోనిస్తుంది, నాకు తెలుసు. తడి వెదురూ పోనిస్తుంది. అందుకే తీగ ఉన్న వైపు ఏ కర్రా ఎత్తకూడదన్నది నా నియమం. ఫైబర్ గ్లాస్ కర్ర కొందాం. కార్బన్ కంటే బరువే, ధరలో చాలా తక్కువ. కరెంటు విషయంలో మిగతా వాటి కంటే మెరుగు. అయినా తీగ వైపు దాన్నీ ఎత్తను.

తమ్ముడు: ఫైబర్ గ్లాసు నేను చేయలేను. కొను.

అక్క: ఇక మిగిలింది తాళ్ళు, హార్నెస్. దీని గురించి నువ్వు ఏమీ అనకముందే చెబుతున్నా, ఇవి కొంటా.

తమ్ముడు: నేను అనేది కూడా విను. నాలుగంతస్తులు దాటితే కర్ర అందదు, జూలా వేయాలి. పలక నేను కోస్తా, కొక్కేలు నేను వెల్డింగు చేస్తా. సీటు బెల్టు పట్టీ బజారులో మీటర్ల లెక్కన దొరుకుతుంది, సోఫాలు కుట్టేవాడు మందపాటి దారంతో కుడతాడు. ఏడు వందల్లో బెల్టు తయారు. నీ కాగితంలో ఒక్కో హార్నెస్ ఐదు వేలు. తాడు మీటరుకు వంద. నాలుగు వీధులు తిరిగి చూడు, పలక మీద కూర్చుని నైలాన్ తాడుకు వేలాడుతూ రంగులు వేసేవాళ్ళు ఎంతమంది లేరు?

అక్క: ఉన్నారు. ఉన్నారని నా మనుషులను కూడా అలా వేలాడదీయాలా? మన దగ్గర చేస్తున్న జగిత్యాల అబ్బాయి దుబాయిలో ఇదే పని చేసొచ్చాడు. అక్కడ ఒక తాడు మీద మనిషి కూర్చుంటే, ఇంకో తాడు వేరే చోట కట్టి ఒంటి హార్నెస్‌కు తగిలించకుండా కిందికి దిగనిచ్చేవారు కాదట. ఇక్కడికి వచ్చాక మొదటి కాంట్రాక్టరు ఒక్క తాడు చేతికిచ్చి ఎక్కమన్నాడట. ఆ మరుసటి రోజు నుంచి వాడు అక్కడ పనికి వెళ్ళలేదు. ప్రాణం అదే, మనిషి అదే, ఊరు మారితే తాడు ఒకటి తగ్గిపోవాలా?

తమ్ముడు: కోపం తెచ్చుకోకు. నేను చేసే బెల్టు తెగుతుందని ఎందుకనుకుంటున్నావు? ఎనభై కిలోల మనిషి వేలాడితే ఆగుతుంది, నేను పందెం కడతా.

అక్క: వేలాడితే ఆగుతుంది. పడితే?

తమ్ముడు: ...రెండు మీటర్లు జారి పడ్డాడనుకుందాం. సాగని పట్టీ పది సెంటీమీటర్లలో ఆపిందనుకో. ఎనభై కిలోల మనిషి ఆ క్షణంలో పదహారు వందల కిలోల పైచిలుకు బరువుతో లాగుతాడు.

అక్క: కొన్న దాంట్లో షాక్ అబ్జార్బర్ ఉంటుంది. మడతలు పెట్టి కుట్టిన పట్టీ అది. పడినప్పుడు ఆ కుట్లు ఒక్కొక్కటిగా విడిపోతూ దెబ్బను తగ్గిస్తాయి. మనిషి మీద పడే లాగుడు ఆరు కిలోన్యూటన్లు, అంటే ఆరు వందల కిలోల చిల్లర దాటకూడదని దానికి ప్రమాణం. నడుముకు మాత్రం కట్టే బెల్టు అయితే ఆ దెబ్బంతా పొట్ట మీద, వెన్ను మీద పడుతుంది. తొడలకు, భుజాలకు పంచే పూర్తి హార్నెస్ కావాలి. మన దేశంలో దానికి ఐఎస్ 3521 అనే ప్రమాణం ఉంది. నీ సోఫా కుట్టుకు ఏ ప్రమాణం ఉంది?

తమ్ముడు: (కాసేపు ఆగి) ఫిట్టర్‌గా ఒక మాట చెబుతా. నేను చేసిన వైపరు బాగుందో లేదో లాగి చూస్తే తెలుస్తుంది. నీళ్ళబండి పంపు కారితే బిగిస్తా. అవి చెడితే నష్టం ఒక పూట పని. కానీ బెల్టు ఎంత ఆపుతుందో తెలియాలంటే దాన్ని తెగేదాకా లాగాలి. తెగిన బెల్టు ఎవరికీ పనికిరాదు. కంపెనీ ఒకే దారంతో, ఒకే కుట్టుతో వెయ్యి చేసి, అందులో కొన్నిటిని తెంపి చూసి, మిగతావి అమ్ముతుంది. నేను ఒక్కటి చేస్తా. దాన్ని తెంపితే ఏమీ మిగలదు. తెంపకపోతే అది ఎంత ఆపుతుందో నాకే తెలియదు. తెలియని దాన్ని ఇంకో మనిషి ఒంటికి కట్టలేను. అవి కొను అక్కా. జూలా కొక్కేలు కూడా కొను. నా వెల్డింగు లోపల గాలి బుడగ ఉందో లేదో కంటికి కనిపించదు.

అక్క: ఈ మాట నీ నోట వినాలనే ఇంతసేపు కూర్చున్నా.

తమ్ముడు: అయితే నా మాట ఇంకొకటి కూడా వినాలి. కొన్నావు కదా అని నిశ్చింతగా ఉండకు. తాడు, పట్టీ ఎండకు ఉడికిపోతాయి. పైకి కొత్తగానే కనిపిస్తాయి, లోపల పోగు పొడి అవుతూ ఉంటుంది. ముడి వేసిన చోట తాడు బలం మూడో వంతు దాకా, ఒక్కోసారి అంతకు మించి తగ్గుతుంది. పిట్టగోడ అంచు రాసుకుంటే కోసుకుపోతుంది. పాత ఫైర్ గొట్టం చీల్చి ఆ అంచు మీద వేయాలి, ఇది మాత్రం నేనే చేసిస్తా, ఉచితంగా. ఒకసారి పడిన మనిషిని ఆపిన హార్నెస్‌ను మళ్ళీ వాడకూడదు. కొన్న తేదీ మీద రాసి ఉండాలి, తయారీదారు చెప్పిన ఆయువు తీరితే కోసి పారేయాలి. అమ్మకూడదు, ఇంకెవరికీ ఇవ్వకూడదు.

అక్క: తాళ్ళు ఎక్కడ కట్టాలి?

తమ్ముడు: రెండూ ఒకే చోట కాదు. డాబా మీద కాంక్రీటు స్తంభాలకు విడివిడిగా. డిష్ గొట్టానికో, నీళ్ళ ట్యాంకు నిచ్చెనకో కట్టడం చూశా. దాన్ని చూసి కూడా పైన ఉన్నవాడు దిగుతున్నాడంటే వాడికి ఇంకో దారి లేదని అర్థం.

అక్క: బండి నువ్వు చేస్తే డెబ్బై వేల పైన మిగులుతుంది. కార్బన్ బదులు ఫైబర్ గ్లాసుతో ఇంకో ముప్ఫై. గ్రిల్లు వైపర్లు దాదాపు ఉచితం. ఆ మిగిలినది తాళ్ళకు, నాలుగు హార్నెస్‌లకు, దిగే పరికరాలకు సరిపోతుంది. నా ఇబ్బంది ఇంకొకటి. ఇవన్నీ పెట్టి నేను చదరపు అడుగుకు రేటు వేస్తే, ఒక్క తాడుతో చేసేవాడి రేటు నా రేటులో సగం ఉంటుంది. కొటేషన్లు విప్పిన రోజు పని వాడికే పోతుంది.

తమ్ముడు: దానికి నా షెడ్డులో మందు లేదు.

అక్క చెప్పిన ఈ చివరి ఇబ్బందికి మందు మన చేతిలో, అంటే అద్దాలు తుడిపించుకునేవాళ్ళ చేతిలో ఉంది. అపార్టుమెంటు అసోసియేషన్లలో, ఆఫీసుల అడ్మిన్ విభాగాల్లో, ఆసుపత్రుల నిర్వహణలో ఉన్నవారికి నా విజ్ఞప్తి ఇది. ఈసారి బయటి అద్దాల పనికి కొటేషను అడిగినప్పుడు, ఐఎస్ 3521 గుర్తున్న పూర్తి హార్నెస్, మనిషికి రెండు తాళ్ళు, రెండు వేర్వేరు కట్టు స్థానాలు, తాళ్ళు కొన్న తేదీ, ఇవి రాయని కాగితాన్ని రేటు చూడకుండానే పక్కన పెట్టండి. బకెట్లు, మందులు, నీళ్ళబండి వాళ్ళు ఎక్కడ చేసుకున్నారో అడగనక్కర్లేదు. పని మొదలయ్యే పొద్దున మీలో ఒకరు డాబా ఎక్కి, రెండు తాళ్ళూ ఎక్కడ కట్టారో మీ కళ్ళతో చూసి రండి. రెండో తాడు లేకపోతే ఆ రోజు పని ఆపించండి. మీ ఇంట్లో పనిచేసే మనిషిని ఏ పండగకూ సజ్జ మీదికి దిగమనకండి.